అత్తయ్య మూడు రోజులు

మామిడికాయలు తూచే కాటాలో మనిషిని కూర్చోబెట్టడం నేను మొదటిసారి చూసింది మా అత్తవారి తోటలోనే. డెబ్బై నాలుగు ఎండాకాలం. తిరువూరు కాపురానికొచ్చి నాకింకా ఏడాది నిండలేదు. తోట ఊరి చివర, కేకేస్తే వినపడే దూరంలో ఇల్లు. మా అత్తయ్య నాగేంద్రమ్మ కోతవాళ్ళకి మజ్జిగ తెచ్చి, ఆయాసంతో చెట్టు మొదట్లో కూలబడితే, కాయలు తూయిస్తున్న మా మామగారి తమ్ముడు బసవపున్నయ్య ఊరుకోలేదు.

"వదినా, ఈ తట్టలో కూర్చో. తులాభారం తూగుదువుగాని," అన్నాడు.

అత్తయ్య సరదా మనిషి. కుచ్చెళ్ళు ఎగదోపుకుని కూర్చుంది. అటువైపు ఇరవై కిలోల రాళ్ళు నాలుగు పెట్టినా కాటా ఇటే మొగ్గింది. ఇంకో రెండు కిలోలు వేస్తేగాని సరితూగలేదు.

"ఎనభై రెండు. ఏం తింటున్నావు వదినా?"

"ఏముంది నాయనా, గాలి."

తోటంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆవిడ చెప్పింది చాలావరకు నిజమేనని అక్కడున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు.

ఆ సీజనంతా మా ఇంట్లో పూటకి పదిమంది మగవాళ్ళు తినేవాళ్ళు. మామయ్య దశరథరామయ్య గారు, చినమామయ్య, మా ఆయన, లారీవాళ్ళు, కాయ బేరానికొచ్చినవాళ్ళు. పప్పు తప్పేలా వాళ్ళ దగ్గరే అడుగంటేది. పెట్టలు పెట్టిన గుడ్లన్నీ వాళ్ళ విస్తళ్ళలోకే పోయేవి. పాలు కాఫీలకి, గడ్డపెరుగు మామయ్యకి. ఆ తర్వాత అత్తయ్య నన్ను కూర్చోబెట్టి పెట్టేది. అందరిదీ అయ్యాక, ఏ మూడు గంటలకో, అత్తయ్య వంటింటి గోడకి చేరగిలబడి, గిన్నెలో మిగిలిన అన్నమంతా ఊరగాయ పిండితో కలుపుకుని, పైన పలచటి మజ్జిగ పోసుకునేది. అన్నం ఎప్పుడూ మిగిలేది. పప్పు ఎప్పుడూ మిగిలేది కాదు. అంత అన్నం తిన్నా సాయంత్రానికల్లా ఆవిడ చెయ్యి మళ్ళీ అటుకుల డబ్బా మీదికి పోయేది.

కాటా దగ్గర నవ్వు ఆవిడకి లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఎవరో కాంపౌండరు "తిండి తగ్గించండమ్మా" అన్నాడట. తగ్గించడానికి ఆవిడ దగ్గరున్నదే అన్నం, ఊరగాయ. సోమవారం, గురువారం, శనివారం ఉపవాసాలు పట్టింది. మిగతా రోజుల్లో గంజి.

"ముట్లుడిగి మూడేళ్ళయింది. ఇంక దేవుడికీ నాకూ మధ్య అడ్డేముంది?" అనేది.

నెల తిరిగేసరికి కాటా డెబ్బై ఆరు చూపించింది. చూసినవాళ్ళంతా "బాగా చిక్కావు నాగేంద్రమ్మా" అని మెచ్చుకున్నారు. అత్తయ్య మురిసిపోయింది. సరిగ్గా ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం తిని, పీట మీంచి లేవబోయి లేవలేకపోయింది. ఒక చెయ్యి నేలకి ఆనించింది, రెండో చెయ్యి గోడకి ఆనించింది. సగం లేచి మళ్ళీ కూలబడింది. నేనూ, పనికొచ్చే చిట్టెమ్మా చెరో రెక్కా పట్టుకుని లేపాం.

"కాళ్ళు నావి కాకుండా పోయాయే అమ్మాయ్," అంది. ఆవిడ గొంతులో బెదురు నేనప్పుడే మొదటిసారి విన్నాను.

రిక్షా కట్టించి డాక్టరమ్మ ప్రమీలారాణి గారి దగ్గరికి తీసుకెళ్ళాను. బస్టాండు వెనక సందులో చిన్న ఆసుపత్రి. ఆవిడ గొట్టం పెట్టి చూడ్డం, నాలిక చూడ్డం అయ్యాక అత్తయ్య దండచెయ్యి పట్టుకుని నొక్కింది. తోలు సంచిలా జారింది.

"చూశావా, ఇది తగ్గింది," అంది. తర్వాత పొట్ట మీద తట్టి, "ఇది తగ్గలేదు. నువ్వు కొవ్వు తగ్గిందనుకుంటున్నావు. పోయింది కండ. ఏం తింటావు రోజూ?"

అత్తయ్య చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న కలం కింద పెట్టేసింది.

"చూడు నాగేంద్రమ్మా. అన్నం వంటచెరకు లాంటిది. పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఇవి ఇటుకలు. నువ్వు దూలాల దాకా వంటచెరకు పేర్చుకున్నావు, గోడలు కూలిపోతున్నాయి. నెలసరి ఆగాక ఆడదాని ఒంట్లో కండ మామూలుకంటే తొందరగా కరుగుతుంది. దాని మీద నువ్వు కడుపు మాడ్చుకుంటే ఒళ్ళు కొవ్వొక్కటే తిని ఊరుకోదు, కండనీ తినేస్తుంది. ఉపవాసాలు మానెయ్. అన్నం సగం చెయ్యి. పూటకి గిన్నెడు ముద్దపప్పు, రోజుకి రెండు గుడ్లు, రెండు గ్లాసుల గడ్డపెరుగు. పొద్దునా సాయంత్రం తోటచుట్టూ నడువు. బరువు మెల్లిగా దిగుతుంది, కాళ్ళు నిలబడతాయి."

"తినకపోతే?"

"వచ్చే ఎండాకాలానికి నిన్ను మంచం మీంచి ఇద్దరు లేపాలి."

వచ్చేటప్పుడు అత్తయ్య, ఇల్లు కనపడుతుండగా, "రెండు గుడ్లంటే మాటలా," అని గొణిగింది.

మా ఇంట్లో లేనిదేదీ డాక్టరమ్మ చెప్పలేదు. కందులు గాదెలో ఉన్నాయి, పాడి కొట్టంలో ఉంది, పెట్టలు పెరట్లో తిరుగుతున్నాయి. అయినా వారం రోజుల్లో ఒక్క గిన్నెడు పప్పు అత్తయ్య కడుపులోకి పంపలేకపోయాను. ముందే తీసి గూట్లో దాస్తే, వడ్డించేటప్పుడు ఆవిడే తీసి చినమామయ్య విస్తట్లో వేసేది. ఉడికించిన గుడ్డు చేతికిస్తే చిట్టెమ్మకి పెట్టేది. పెరుగు గ్లాసు తోటలోకి నడిచిపోయేది.

"అత్తయ్యా, డాక్టరమ్మ చెప్పింది మీకు. వాళ్ళకి కాదు," అన్నాను ఒకరోజు విసుగొచ్చి.

ఆవిడ తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది.

"వడ్డించే చెయ్యే అమ్మాయ్ ఇది. పదిమంది కంచాల్లోకి తిరుగుద్ది. నా కంచంలోకి తిరగమంటే తిరగట్లేదు. నేనేం చెయ్యను?"

ఆ మర్నాడే నేను బయట చేరాను. అప్పట్లో మా ఇళ్ళల్లో ఆ మూడు రోజులూ పెరటి పంచలో చాప మీద ఉండటమే. సత్తు కంచం, సత్తు చెంబు విడిగా ఉండేవి. ఒక్కటే సుఖం: మన కంచం మనం వడ్డించుకోకూడదు. గడప దాటకుండా అత్తయ్య పైనుంచి వడ్డించేది. వేడన్నం మీద నెయ్యి, దిబ్బలా ముద్దపప్పు, గుడ్డుకూర, గరిటె నిలబడే పెరుగు. మగవాళ్ళకంటే ముందే.

"ఇంత ఎలా తింటాననుకున్నారు?"

"తిను. బయటున్నదానికి తక్కువ చేస్తే ఇంటికి మంచిది కాదు. మా అత్తగారు మిగతా రోజుల్లో నా పాలిట యముడే గానీ, ఈ మూడు రోజులూ కడుపు పగిలేట్టు పెట్టేది. ఆవిడ పోయాక ఆడపడుచులు పెట్టారు, చిట్టెమ్మ పెట్టింది. ముప్పై నాలుగేళ్ళు నెలకి మూడు రోజులు నాకెవరో ఒకరు వడ్డించారమ్మాయ్." గరిటెకంటిన పప్పుని గిన్నె అంచుకి రాసింది. "ఆగిపోయాక పెద్ద పీడ వదిలిందని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను."

ఆ మాట నేను విని వదిలేశాను. వదిలెయ్యకుండా ఉండాల్సింది.

రోహిణికార్తె ఎండలు. నేను తలస్నానం చేసి లోపలికొచ్చిన పదిరోజులకి, ఒక పొద్దున కాఫీ పెడదామని లేచేసరికి పెరటి పంచలో చాప పరిచి ఉంది. దాని మీద అత్తయ్య, పక్కన సత్తు చెంబు.

"బయట చేరానే," అంది గోడవైపు చూస్తూ.

"మూడేళ్ళ తర్వాతా?"

"ఏమో మరి. వేడి చేసిందేమో."

ఆ పూట వంటంతా నేనే చేశాను. మధ్యాహ్నం గడప మీంచి ఆవిడకి వడ్డించాను. అన్నం కొద్దిగా, పప్పు ఎక్కువగా, రెండు గుడ్లు. ఆవిడ వద్దనలేదు. పెళ్ళిపీటల మీంచి లేచొచ్చిన పిల్లలా తలొంచుకుని, మెల్లిగా, ముద్ద ముద్దకీ ఆగి తింది. అన్నం తినేటప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో నేను అదే చూడటం. అంతకుముందెప్పుడూ ఎవరూ చూసే వేళ కాదది.

మామయ్య తోటలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ పంచలోకి చూశారు. మా మామయ్య మాట పొదుపు మనిషి. చెంబు చేత్తో పట్టుకునే నిలబడిపోయారు.

"మీ అత్తయ్య అక్కడ కూర్చుందేంటమ్మాయ్?"

నేను తలొంచుకుని, "బయటున్నారు మామయ్యా," అన్నాను.

చెంబులో నీళ్ళు ఆయన పాదాల పక్కన కారిపోతున్నాయి, చూసుకోలేదు. విస్తరి ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోయారు.

ఆయన ఎందుకలా లేచిపోయారో నాకు చిట్టెమ్మ చెప్పింది, గిన్నెలు తోముతూ గొంతు తగ్గించి. "అయ్యగారి అప్పగారు సీతారావమ్మ గారికీ ఇట్టాగేనమ్మా. ఆగిన నాలుగేళ్ళకి మళ్ళీ మొదలైంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలా. రాచపుండంట, గర్భసంచిలో. ఆరు నెలలు కూడా బతకలా. మోసుకెళ్ళిన నలుగురిలో అయ్యగారొకరు."

రెండోరోజు పొద్దున పెరట్లో దండెం చూశాను. మా ఆయన పంచె, నా చీరె, తువ్వాళ్ళు. బయటున్న ఆడదాని గుడ్డలు ఒక మూలగా, పాత చీరె చాటున ఆరతాయి. ఆ మూల ఖాళీగా ఉంది. నిన్న కూడా ఖాళీయే. పంచవైపు చూస్తే అత్తయ్య కూడా దండెమే చూస్తోంది. మా చూపులు కలిశాయి. ఆవిడ చూపు తిప్పుకుంది.

చెప్పెయ్యాల్సింది. చెబితే మధ్యాహ్నం ఆ కంచం లేచిపోతుంది. ఒక్క పూట తిననిద్దాం, సాయంత్రం చెబుదామనుకున్నాను. తెలివిగలదాన్ననే అనుకున్నాను. ఈ లోపల మామయ్య ఏం చేస్తున్నారో నేను చూడలేదు. ఆయన కోత ఆపించేశారు. బేరం కుదిరిన కాయ చెట్టు మీద పండిపోతుంటే చినమామయ్యకి అప్పగించి, బెజవాడలో పెద్దాసుపత్రి ఎక్కడుందో, ఏ బస్సుకి పోవాలో కనుక్కొచ్చారు. సాయంత్రం ఆయన మొహం చూస్తే నాకు నోరు పెగల్లేదు.

మూడోరోజు పొద్దున్నే ఉతికిన పంచె కట్టుకుని, గొడుగూ సంచీ పట్టుకుని పెరట్లోకొచ్చారు. బయటున్న మనిషికి ఆమడ దూరంలో ఉండే మనిషి, చాప అంచు దాకా వచ్చి నిలబడ్డారు.

"నాగేంద్రం, లే. డాక్టరమ్మ దగ్గర చీటీ రాయించుకుని తొమ్మిది గంటల బస్సుకి బెజవాడ పోదాం."

"బెజవాడ ఎందుకండీ?"

"మా అప్పకి లాగా ఆలస్యం చెయ్యను," అన్నారాయన.

అత్తయ్య మొహం పాలిపోయింది. ఆవిడకి ఆకలి తెలుసు, వడ్డించిన కంచం తెలుసు. తన అబద్ధం పోయి ఎక్కడ తగిలిందో అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ గదిలో మేం ముగ్గురం. మామయ్య బయట బెంచీ మీద. "ఎప్పట్నుంచి? ఎంత పోతోంది?" అని డాక్టరమ్మ గబగబా అడుగుతుంటే అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నాకేం రాలేదమ్మా. ఆకలేసింది."

డాక్టరమ్మ నా వంక చూసింది. బయట ఉండటం, సత్తు కంచం, గడప మీంచి వడ్డించడం, ఖాళీ దండెం అన్నీ నేనే చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి పమిటచెంగుతో చాలాసేపు తుడుచుకుంది.

"ఒక్క చుక్క కూడా లేదుగా? ఒట్టు?"

"మా పిల్లాడి మీద ఒట్టు."

"సరే. ఇంకోసారి ఈ అబద్ధం ఆడకు. ఆగిపోయాక నిజంగా కనపడితే మాత్రం ఒక్కరోజు కూడా దాచకు, అది వేళాకోళం కాదు." లేచి తలుపు తీసింది.

మామయ్య గొడుగు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు.

"రోగమేం లేదండీ. బెజవాడ వెళ్ళక్కర్లేదు," అంది డాక్టరమ్మ.

"మరి?"

"ఆవిడ ఆకలితో ఉందండి. చాలా ఏళ్ళుగా."

"ఆకలా?" ఆయన నావైపు చూశారు. తప్పుపట్టే చూపు కాదు. పొరుగూరి సంగతేదో విన్నట్టు చూశారు. "మా ఇంట్లోనా? గాదె నిండా కందులున్నాయండీ."

"గాదెలోవి కంచంలోకి రావాలి గదండీ."

మామయ్య బెంచీ మీద మళ్ళీ కూర్చున్నారు. ముడిచే ఉన్న గొడుగుని విప్పి, మళ్ళీ మడత మడతా సర్ది ముడిచారు. వచ్చేటప్పుడు రిక్షాలో మేమిద్దరం ఎక్కాం. టాపు అత్తయ్య వైపు చిరిగిపోయి ఎండ పడుతోంది. ఆయన ఇంటిదాకా రిక్షా పక్కనే నడుస్తూ, ఆ చిరుగు మీదికి గొడుగు పట్టారు. అత్తయ్య తలెత్తలేదు.

ఇంటికి రాగానే ఆవిడ తలస్నానం చేసి వంటింట్లోకి పోయింది. ముందు మీకు పెడతాను రండి అంటే, "ఆ ఊసు ఎత్తకు. ఆయన మొహం చూడలేకపోతున్నాను," అంది. మళ్ళీ అందరి తర్వాతే, మళ్ళీ ఊరగాయ అన్నమే. చాటున ఒక గుడ్డు తినిపిస్తే గొప్ప. పీట మీంచి లేవాలంటే నా భుజం కావాలి. మామయ్య చూసేవారు. ఏమీ అనేవారు కాదు. ఇంతేనా మగవాడు అని లోలోపల ఆయన మీద నాకు కోపంగా ఉండేది.

కాయ అయిపోయింది. లారీలు పోయాయి. ఆరుద్రకార్తె ప్రవేశించి రెండు జల్లులు పడ్డాయి. అత్తయ్య ఆ అబద్ధమాడి సరిగ్గా నెలయిందని నేను లెక్క చూసుకోలేదు. చూసుకున్నవాళ్ళు వేరే ఉన్నారు.

నేను పొయ్యి రాజేస్తున్నాను. అత్తయ్య బియ్యం కడగబోతోంది. మామయ్య వంటింటి గుమ్మంలోకొచ్చి, గొంతు సవరించుకుని అన్నారు: "అమ్మాయ్, మీ అత్తయ్య ఇవాళ బయటుంది."

నా చేతిలో ఊదుగొట్టం జారిపోయింది. అత్తయ్య కొంగు తల మీదికి లాక్కుంది.

"సిగ్గులేదా, ఏంటా మాటలు? ఎవరు చెప్పారు మీకు?"

"నేనే చెబుతున్నా. బియ్యం ముట్టుకోకు, మైల."

"మగాళ్ళు మీకేం తెలుసు?"

"ముప్పై నాలుగేళ్ళు దండెం చూశాను, నాకు తెలీదా? మొన్న కూడా చూసుంటే సరిపోయేది. భయమేసి చూళ్ళేదు." గొంతు తగ్గింది. "లే నాగేంద్రం."

ఆయనే వెళ్ళి చాప దులిపి పంచలో పరిచారు. సత్తు కంచం చూరులోంచి తీసి, నూతి దగ్గర ఆయనే తోమారు. మా మామయ్య కంచం తోమడం ఊళ్ళో ఎవరికైనా చెబితే నమ్మేవాళ్ళు కాదు. చిట్టెమ్మ మాత్రం చూసింది, గోడకి తిరిగి నవ్వుకుంది.

మధ్యాహ్నం అత్తయ్యకి వడ్డించాను. లోపల మామయ్యకి పీట వేస్తుంటే ఆయన తన విస్తరి పట్టుకుని పంచలోకి నడిచి, చాపకి మూరెడు దూరంలో కింద కూర్చున్నారు.

"ఇక్కడ కూర్చుంటే మీకూ మైల," అంది అత్తయ్య.

"అయితే నాకూ అమ్మాయే పెడుతుంది," అన్నారు.

అలా మూడు రోజులు. నాలుగోరోజు అత్తయ్య తలంటుకోవడానికి కుంకుడుకాయలు కొడుతుంటే ఆయన ఆపారు.

"ఎందుకివి?"

"నాలుగోరోజండీ. లోపలికెళ్ళొద్దూ?"

"నాలుగోరోజెలా అవుద్ది? నిన్నగా మొదలైంది."

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. చినమామయ్య, మా ఆయన కూడా వచ్చి పంచలోనే తినడం మొదలెట్టారు. శ్రావణం వచ్చేసరికి అత్తయ్య వంటింట్లోకి వచ్చి వండుతున్నా, తినే వేళకి మాత్రం చాప మీదికి చేరాల్సిందే, ముందు ఆవిడకి వడ్డించాల్సిందే. మైలా మడీ ఏదీ ఎవరికీ పట్టలేదు. మొదటి కంచంలో అన్నం సగం, పప్పు నిండుగా. సాయంత్రాలు ఆయన ముందూ ఆవిడ వెనకా తోటచుట్టూ నడిచేవాళ్ళు. నెలకో కిలో, ఒక్కోసారి అదీ లేదు, మెల్లిగా తగ్గింది బరువు. ఈసారి చిక్కావని ఎవరూ అనలేదు. నూతి దగ్గర బిందె తనే ఎత్తుకుంటోందని చిట్టెమ్మ అంది.

వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం, చూరు నీళ్ళు తప్పించుకుంటూ అందరం పంచలో ఒద్దికగా కూర్చుని తింటున్నాం. అత్తయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచింది. అలవాటుగా కుడిచెయ్యి నేలవైపు వెళ్ళింది. నేలకి జానెడు పైన ఆగింది. ఆనుకోకుండానే ఆవిడ నిలబడింది. నిలబడ్డాక ఆ చేతిని చూసుకుంది, ఎవరిదో అన్నట్టు.

మామయ్య తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నారు.

"కూర్చో నాగేంద్రం. పెరుగింకా వెయ్యలేదు."

"కూర్చుంటే మళ్ళీ లేవాలి గదండీ."

"లేస్తావులే," అన్నారాయన.